నలభైరెండో పేజీ

"సింధూ, పోటీ నుంచి తప్పుకుంటున్ననని సంతకం పెట్టు బిడ్డా. విద్యార్థి సంఘం ఎన్నిక ఏకగ్రీవమైతే కాలేజీకే గౌరవం."

కోదాడ కాలేజీ ప్రిన్సిపాల్, రాజనీతిశాస్త్ర ప్రొఫెసర్ నర్సింగరావు తన పెన్ను మూత తీసి అందించాడు.

సింధు పెన్ను అందుకుంది. "సార్, గిట్ల ఒప్పిచ్చుడే ఓటును సంపుతదని మీ పుస్తకంల రాసిండ్రు గద?"

"అది తండాల సంగతమ్మా. దాని మీదనే నాకు డాక్టరేటొచ్చింది."

"నలభైరెండో పేజీల, వార్డు మెంబరుకు నిలవడ్డ ఆడమనిషితోని పెద్దమనుషులు..."

"ఏడిపిచ్చి సంతకం పెట్టిచ్చిన్రు! మస్తు ఉదాహరణ. ఆ ఒక్క పేజీకే సెమినార్‌ల చప్పట్లే చప్పట్లు."

"ఆమె మా అమ్మ సార్."

సింధు పెన్నుకు మూత పెట్టి ఆయన ముందుంచింది.

"ఎన్నిక పెట్టుండ్రి సార్. ఓడిపోతే ఓడిపోత."