దక్షిణం వైపు గొడుగు

"దక్షిణం దిక్కు ఎవనిదో ఎరుకేనా నీకు?" అని అడిగాడు జగపతి.

వరంగల్ నుంచి వచ్చిన మెకానిక్ శ్రీపాల్ చేతిలోని పానా కింద పెట్టాడు.

అది ఎనభై అయిదో సంవత్సరం. గూడూరు అవతలి ఆ పల్లెకు ప్రభుత్వం ఒక టీవీ ఇచ్చింది. బొమ్మ ఉపగ్రహం నుంచి రావాలి గనుక పన్నెండడుగుల ఇనుప జాలి గొడుగు యాంటెన్నా కూడా ఇచ్చింది. రెండూ నేరుగా సర్పంచి జగపతి ఇంటికి చేరాయి. అది ఎవరికీ వింతగా తోచలేదు. జగపతికి అసలే తోచలేదు.

గొడుగు దక్షిణాకాశాన్నే చూడాలని శ్రీపాల్ నచ్చజెప్పబోయాడు. తన పెరట్లో ఏదీ యముడి దిక్కుకు నోరు తెరిచి ఉండరాదని జగపతి తేల్చేశాడు. తూర్పుకు తిప్పించి, దాని కాళ్లకు సిమెంటు పోయించాడు.

మర్నాటికి సిమెంటు గట్టిపడింది. బొమ్మ రాలేదు.

ఆ సాయంత్రం ఆరున్నరకు జగపతి తమ్ముడు విద్యాసాగర్ పత్తి సేద్యం గురించి టీవీలో మాట్లాడబోతున్నాడు. నెలలో సర్పంచి ఎన్నికలు. చూడ రమ్మని జగపతి ఊరంతా డప్పు వేయించాడు. బొమ్మ రాకపోతే జనం నవ్వుతారు. నవ్విన నోటితో ఓటు వేయరని అతనికి తెలుసు.

అయిదింటికి ఒక పెద్దమనిషి గేటు దగ్గర వచ్చి నిలబడ్డాడు. మోకాళ్ల దాకా దుమ్ము. పేరు జాల్యా అని చెప్పాడు. అడవి అంచు తండా నుంచి పొద్దున్నే నడక మొదలుపెట్టాడట, టీవీ చూడడానికి.

"బొమ్మ వస్తె గద, చూసుడు," అన్నాడు జగపతి.

జాల్యా పెరట్లోకి వెళ్లి గొడుగు చుట్టూ ఒకసారి తిరిగాడు. మూడు ఊళ్లలో ఇలాంటి జాలీలు మోసి, కట్టిన కూలీనని చెప్పాడు.

"గిది తూర్పు చూస్తున్నది పటేలా. దక్షిణం చూస్తెనే బొమ్మ వస్తది."

జగపతి ఈసారి యముడి ఊసెత్తలేదు. బోల్టులు విప్పమని తనే అన్నాడు. ఆ ఆలోచన మొదటి నుంచీ తనదే అన్నట్టు అన్నాడు. అనగానే అతనికీ అలాగే అనిపించింది.

కాళ్లు సిమెంటులోనే ఉండిపోయాయి. గొడుగును ఊడదీసి వెదురు బొంగుల మీద దక్షిణానికి ఆనించారు. జాల్యా భుజం పెట్టి వేలెడంత జరిపాడు. బొమ్మ వచ్చిందని లోపలి నుంచి శ్రీపాల్ కేకేశాడు. భుజం తీయగానే పోయింది. ఇద్దరు జీతగాళ్లు పట్టుకొని చూశారు. వాళ్లకు కుదరలేదు.

"నువ్వే పట్టుకోవాలె," అన్నాడు జగపతి.

"జర చూసి పోదామని వచ్చిన పటేలా."

"ఇయ్యాల కాకుంటె రేపు చూడు. టీవీ యాడికి పోతది?"

జాల్యా ఇంటి వైపు ఒకసారి చూసి, భుజం ఆనించాడు.

విద్యాసాగర్ పది నిమిషాలు మాట్లాడాడు. బొమ్మ ఒక్కసారి కూడా చెదరలేదు. జనం తెరను కాసేపు, జగపతిని కాసేపు చూశారు. ఆ చూపులన్నీ అతని లోపలికి వెచ్చగా దిగాయి. తమ్ముడి మాట ముగియగానే అతను లేచి, అందరి ముందూ తన చేత్తోనే టీవీ కట్టేశాడు. కార్యక్రమం ఇంకా ఉన్నట్టుందని భార్య అరుంధతి అంది. మనది అయిపోయిందని చెప్పి అందరికీ చాయ్ తెమ్మన్నాడు.

చాయ్ తాగి, పొగడాల్సినంత పొగిడి, జనం వెళ్లిపోయారు.

చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చిన జగపతి ఆగిపోయాడు. మసక వెలుతురులో జాల్యా ఇంకా గొడుగును మోస్తూ నిలబడి ఉన్నాడు. అయిపోయిందని అతనికి ఎవరూ చెప్పలేదు.

"ఇంక ఇడిచిపెట్టు. టీవీ ఎప్పుడో బందు చేసినం."

జాల్యా మెల్లగా భుజం తీశాడు. జాలి గళ్లు చర్మం మీద ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

"మీ తమ్ముని తర్వాత ఒక డాక్టరు పిల్ల మాట్లాడుతదని చెప్పిన్రు. మంచిగ మాట్లాడిందా పటేలా? బెదరలేదు గద?"

జగపతి చేతులు కడుక్కోసాగాడు.

"ఆ పిల్లతోని నీకేం పని?" అన్నాడు.

కట్టేసిన టీవీ ఉన్న గది వైపు చూస్తూ జాల్యా అన్నాడు: "నా బిడ్డ పటేలా."