బాట దిగిన సలోమి

ఒక చర్చి గోడ పక్కన గొర్రెల దొడ్డి ఉండేది. ఆ గొర్రెలకు ప్రార్థనలన్నీ కంఠతా వచ్చు. రోజూ ఒకదాని తోక చూస్తూ ఒకటి, అదే బాటన మేతకు వెళ్ళి వచ్చేవి.

ఒక సాయంత్రం దొడ్డికి మళ్ళుతుండగా, బాట పక్కన ముళ్ళపొదలో చిక్కుకున్న కుంటిమేక కేకలు పెట్టింది. దాని చుట్టూ నక్క తిరుగుతోంది. మందంతా తల వంచుకొని సాగిపోయింది. సలోమి అనే గొర్రె ఒక్కటే ఆగింది.

"నడవ్వే! ప్రార్థన వేళవుతోంది" అని పెద్ద పొట్టేలు గద్దించింది.

సలోమికి ఒళ్ళు మండింది. "ఏం ప్రార్థన, మామా? తప్పిపోయినదాన్ని వెతికే కాపరి అని ప్రభువును రోజూ పొగుడుతాం. ఆపదలో ఉన్నదాన్ని కళ్ళారా చూసి దాటిపోతామా? రేపు ఆ పాట పాడడానికి నోరెలా వస్తుంది?"

"అది మన మందది కాదు. బాట దిగితే నక్క నిన్నూ తింటుంది."

"తిననీ!" అని సలోమి బాట దిగింది. "ప్రభువా, నా పక్కనే ఉండు" అనుకుంటూ నక్క డొక్కలో కుమ్మింది. నక్క దాని చెవి చీల్చింది. సలోమి మరింత కోపంగా కుమ్మింది. ఎదురు తిరిగే గొర్రెను ఎన్నడూ చూడని నక్క పరుగు తీసింది.

సలోమి ముళ్ళకొమ్మలు లాగేసి, మేకను నడిపించుకుంటూ దొడ్డికి తెచ్చింది. మంద కళ్ళు మూసుకొని గొంతెత్తి పాడుతోంది.

"ప్రార్థన మధ్యలో ఈ గొడవేమిటి?" అంది పొట్టేలు.

"మా ప్రార్థన అక్కడే అయిపోయింది. కాస్త జరగండి, దీనికి పడుకోవడానికి చోటు కావాలి" అంది సలోమి, చెవి నుంచి నెత్తురు కారుతుండగా.

పాట ఆగింది. ఒక్కొక్క గొర్రే పక్కకు జరిగింది.