శనివారం తిట్లు

పద్మ సరిగ్గా పదింటికి అమెరికాలో అరోరా ఊళ్లోని ఆ గరాజ్ ముందు కారు ఆపింది. శ్యామ్‌సుందర్‌ని తిట్టడం ఆమె శనివారం పని.

అతనికి వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు బొమ్మలు. ఆకారం ఉండని బొమ్మలు. ఆలోచించకుండా, ఆవేశంలో కుంచె విసిరి వేసేవి. కానీ అతని గీతలన్నీ స్కేలు పెట్టి గీసినట్టే ఉన్నాయని బొమ్మలు నేర్పే ఆవిడ తేల్చేసింది. కోపం వస్తే గానీ చెయ్యి వదులవదంది. కోపం తెప్పించమని ముందు ఆఫీసులో దామోదర్‌ని బతిమాలాడు. దామోదర్ రెండు తిట్లు తిట్టి నవ్వేశాడు. అప్పుడు పద్మకి ఫోన్ చేశాడు.

"శనివారాలు ఖాళీయేనా? కాస్త వచ్చి తిట్టిపోవాలి."

ఆమె కాదనలేకపోయింది.

ఇది ఆరో వారం. సోమవారం నేపర్‌విల్‌లో ఎగ్జిబిషన్. అతని బొమ్మ కోసం ఒక గోడ మొత్తం వదిలిపెట్టారు. కాన్వాసు ఇంకా తెల్లగానే ఉంది.

"స్టార్ట్ చేయండి," అన్నాడు కుంచె పట్టుకుని.

"మీరు మనిషి కాదు, మైక్రోవేవ్. బటన్ నొక్కితే తిరుగుతారు, టైమ్ అయితే ఆగుతారు."

"బాగుంది. ఇంకొంచెం పర్సనల్‌గా."

అతని తిండిని తిట్టింది. నడకని తిట్టింది. సాక్సులకి నంబర్లు వేసుకునే మొహం అంది. అతను శ్రద్ధగా తల ఊపాడు. ఒక తిట్టు సరిగ్గా వినపడక మళ్లీ చెప్పించుకున్నాడు. చివరికి ఒక నీలం గీత గీశాడు. అది తిన్నగా వచ్చింది.

పద్మకి నీరసం వచ్చింది. హ్యాండ్‌బ్యాగ్ తీసుకుంది.

"మీకు కోపం రాదు లెండి. ఇక నేను రాను."

అతను "సరే" అనబోయాడు. చేతిలో కుంచె కింద పడింది. ఎర్రరంగు డబ్బా ఎత్తి కాన్వాసు మీదికి గిరాటేశాడు.

"వెళ్లు. పో. ఎవరాపారు నిన్ను?"

గరాజ్ దద్దరిల్లింది. అరుస్తూ, ఏడుస్తూ, నల్లరంగు రెండు చేతులతో పులిమాడు. పక్కింటి అమెరికన్ పరుగెత్తుకొచ్చి, అంతా ఓకేనా అని అడిగాడు.

"పెయింట్ చేస్తున్నారు," అంది పద్మ, కళ్లు తుడుచుకుంటూ.

పన్నెండేళ్ల కాపురంలో ఆ గొంతు ఒక్కసారి కూడా లేవలేదనే, మూడేళ్ల కిందట ఆమె అతనికి విడాకులిచ్చింది.