మూడు వందల నలభై ఏడు

"సూటిగా అడుగుతున్నాను మేడమ్. ఆ రేటు మీకు ముందే చెప్పింది మీ అన్నయ్యేనా?"

విచారణాధికారి అడిగిన తీరుకి ఆమెకి ఒళ్ళు మండింది.

"మా అన్నయ్యతో మాట్లాడి ఆరేళ్ళయింది సార్."

"కోపాలా?"

"కోపాలు కావు, కొలువులు. తను ఆ కంపెనీలో గేమ్ మెషిన్లకి రేట్లు కడతాడు, నేను ఈ కంపెనీలో కడతాను. ఫోన్లు చేసుకోకూడదని, ఎదురుపడినా పలకరించుకోకూడదని మా ఇద్దరి చేతా సంతకాలు పెట్టించుకున్నారు. మేనల్లుడి పుట్టినరోజుకి వెళ్ళొచ్చా అని మా లాయర్ని అడిగితే, కేకు తినొచ్చు గానీ మాట్లాడకూడదన్నాడు. నోరు మూసుకుని కేకు ఎలా తింటానని మానేశాను."

అధికారి నవ్వలేదు. కాగితం ఒకటి ముందుకి జరిపాడు.

"మీ మెషిన్, వాళ్ళ మెషిన్ ఒకే రోజు, ఒకే గంటకి విడుదలయ్యాయి. రెండింటి రేటూ మూడు వందల నలభై ఏడు డాలర్లు. నలభై తొమ్మిదైతే నేనూ పట్టించుకోను, లోకమంతా తొమ్మిదితోనే ముగిస్తుంది. ఈ ఏడు ఎక్కణ్ణుంచి ఊడిపడింది? కూడబలుక్కున్నారని తేలితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. జైలు కూడా ఉండొచ్చు."

ఆమె వెంట తెచ్చుకున్న ఫైలు తెరిచింది.

"మెషిన్ తయారీకే మూడు వందల తొంభై అవుతుంది సార్. నష్టానికే అమ్ముతాం. ఆ నష్టం తర్వాత గేములమ్మి పూడ్చుకుంటాం. ముందు నోరు విప్పినవాళ్ళు చిక్కినట్టే. వాళ్ళ రేటు చూసి రెండోవాళ్ళు ఇంకో పది తగ్గిస్తారు. అందుకే ఆఖరి నిమిషం దాకా ఇద్దరూ నోళ్ళు కుట్టేసుకుంటారు. ఈసారి ఒకే గంటకి పడటంతో ఎవరిది ఎవరూ చూడలేదు."

"మీ లెక్కలో ఎంత వచ్చింది?"

"మూడు వందల యాభై లోపు ఉండాలని."

"లోపు అంటే నలభై తొమ్మిది. నలభై ఏడు కాదు."

ఇదే ప్రశ్న ఛైర్మన్ వేసినప్పుడు, "తొమ్మిది అమ్మేవాడి ఎత్తు అని జనానికి తెలిసిపోయింది సార్, ఏడైతే నిజాయితీగా కనిపిస్తుంది" అని దబాయించి నెగ్గుకొచ్చింది. ఈ మనిషి దగ్గర ఆ పప్పులుడకవు.

"నిజం చెప్తే నవ్వుతారు."

"నేను నవ్వడం మానేసి చాలా కాలమైంది. చెప్పండి."

"మా చిన్నప్పుడు బస్టాపు పక్కన రేడియోలూ టీవీలూ అమ్మే కొట్టుండేది. మొట్టమొదటి గేమ్ మెషిన్ ఆ కొట్టు అద్దంలోనే చూశాం. దాని ముందు అట్టముక్క, ఎర్రసిరాతో మూడు వందల నలభై ఏడు రూపాయలు. బడి వదలగానే నేనూ అన్నయ్యా పరుగెత్తుకెళ్ళి అద్దానికి ముక్కులానించేవాళ్ళం. ఊపిరికి మసకబారితే అన్నయ్య చొక్కా చేతులతో తుడిచేవాడు, ముందు నా వైపు. కొట్టాయనకి జాలేసిందో, అద్దం తుడవలేక విసుగొచ్చిందో, శనివారాలు లోపలికి పిలిచి ఒక్క ఆట ఆడనిచ్చేవాడు. ఉన్నది ఒక్క ఆట, మేమిద్దరం. అందుకని అన్నయ్య ఎడంచేత్తో బొమ్మని నడిపించేవాడు, నేను కుడిచేత్తో బటన్ నొక్కి దూకించేదాన్ని."

"గేమ్ క్యాసెట్ పెట్టేముందు దుమ్ము పోయేలా ఊదేవారా?" అధికారి ఉండబట్టలేక అడిగేశాడు.

"ఊదకపోతే ఎలా ఆడుతుంది సార్?"

"మా తమ్ముడు ఊదితే గాలికన్నా తుంపర్లే ఎక్కువ..." అని సగంలో ఆగి, గొంతు సవరించుకుని పెన్ను అందుకున్నాడు. "సరే, చివరికి కొన్నారా?"

"లేదు. ఒకరోజు వెళ్ళేసరికి అద్దంలో ఇస్త్రీపెట్టె ఉంది. ఇంటికెళ్ళేదాకా ఇద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు."

ఆమె ఫైలు మూసేసింది.

"తర్వాత ఎన్ని మెషిన్లకి రేటు కట్టానో! ఎప్పుడూ ఆ అంకె జోలికి పోలేదు. ఈ కొత్త మెషిన్లో ఆనాటి ఆటలన్నీ ఆడొచ్చు సార్. యాభై లోపు అని చూడగానే నా చెయ్యి దానంతటదే నలభై ఏడు వేసేసింది. తనూ అదే వేస్తాడని కలలో కూడా అనుకోలేదు. ఆ రోజు టీవీలో వాళ్ళ రేటు చూసి బాత్రూములోకెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను. కంగారుపడి ఏడుస్తున్నాననుకున్నారు ఆఫీసులో."

అధికారి చాలాసేపు రాసుకున్నాడు. పెన్నుకి మూత పెట్టాడు.

"ఫోన్లు, మెయిళ్ళు అన్నీ గాలించాం. మీ ఇద్దరి మధ్యా ఆరేళ్ళలో ఒక్క మాట లేదు. ఈ కేసు నిలబడదు, వెళ్ళొచ్చు."

పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ వెనకే కోపం తన్నుకొచ్చింది.

"మా మీద ఫిర్యాదు చేసిన ఆ పుణ్యాత్ముడెవరు సార్? రెండు కుటుంబాలు రోడ్డున పడేవి!"

"మామూలుగా అయితే చెప్పం. పేరు దాచొద్దని ఫిర్యాదులోనే ఉంది. ఎంత వెతికినా మీకేమీ దొరకదని కూడా అందులోనే ఉంది. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇలాంటిది చూళ్ళేదు."

అతను కాగితం ఆమె వైపు తిప్పాడు. చివరి పేరా మీద వేలు పెట్టాడు.

"ఇద్దర్నీ ఒకే గదిలో, ఒకే బల్ల దగ్గర, ఎంతసేపైనా సరే, కలిపి విచారించవలసిందిగా ప్రార్థన."

కింద సంతకం అన్నయ్యది.