సరేపాప చెప్పిన మాట

“నాలుక చాపు.”

“సరే,” అని చాపింది.

“చెయ్యి ఇలా ఇవ్వు.”

“సరే,” అని ఇచ్చింది.

తెల్లకోటాయన నిట్టూర్చాడు.

ఎత్తు కుర్చీలో కూర్చున్న ఆ అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. లాండ్రీలో దుప్పట్లు మడత పెడుతుంది. అందరికంటే నిదానంగా నేర్చుకుంటుంది గాని, నేర్చుకున్నది మరచిపోదు. ఎవరేం చెప్పినా సరే అంటుందని వీధి వీధంతా సరేపాప అని పిలుస్తుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈమె నోరు మరీ మంచిదైపోయి ఊరంతా నెత్తికెక్కి కూర్చుంది.

ఇక తెల్లకోటు కనిపించిందంటే ఆ సరే రెండింతలవుతుంది. చిన్నప్పుడు సూదులు పొడిచినవాళ్ళూ, బుద్ధి ఎంతుందో కొలిచినవాళ్ళూ అందరూ తెల్లకోట్లే. వద్దని ఏడిస్తే నలుగురు కలిసి కాళ్ళూ చేతులూ పట్టుకునేవారు. పాపం, సరే అంటే తొందరగా వదిలేస్తారని అప్పుడే అర్థమైంది ఆమెకు.

గదిలో డెట్టాల్ వాసన వేస్తోంది. స్టీలు పళ్ళెంలో కత్తెరలున్నాయి. తలుపు మూసి ఉంది.

“మా అమ్మానాన్నల్ని లోపలికి పిలవండి,” అంది.

“కుదరదు. కాగితం మీద నీ గార్డియన్ మీ పెదనాన్న. ఆయన సంతకం పెట్టేశారు.”

అది నిజమే. ఆమెకు పద్దెనిమిది నిండినప్పుడు, ఇంట్లో చదువుకున్నవాడు కదా అని ఆయన పేరే రాయించారు. అమ్మానాన్నలు వేలిముద్రల బాపతు, పెద్ద కాగితం చూస్తే చాలు చెమటలు పడతాయి. ఆ భయమే ఇప్పుడు కూతురి కడుపు మీదికి వచ్చింది.

“అయినా నీ నోటితో నువ్వు కూడా సరే అనాలట, రూలు మారింది,” అన్నాడాయన. “చిన్న ఆపరేషను. నెలనెలా కడుపునొప్పి ఉండదు. అయ్యాక బిస్కెట్ ప్యాకెట్టు ఇస్తాం. సరేనా?”

“స...”

అంతలో నోరు మూసుకుంది. ఒళ్ళో ఉన్న తువ్వాలు తీసి మడత పెట్టడం మొదలెట్టింది. నాలుగు మూలలూ కలిసేదాకా సర్దింది.

బయట ఎవరో తలుపు తట్టారు. “అయ్యా, ఉన్నారా?”

“ఇవాళ లేదు! రేపూ లేదు! ఎల్లుండి రండి!” అని ఆయన విసుగ్గా కేకేశాడు.

కుర్చీ పక్కన నిలబడి ఉన్న ఒకావిడ ముందుకొచ్చి అప్పజెప్పినట్టు గబగబా అంది. “మొండికెయ్యకు. నీ మంచికే చెప్తున్నాం. లాండ్రీలో నలుగురూ తిరుగుతారు. ఏదైనా జరగరానిది జరిగితే మన పరువేం కావాలి?”

“ఎవడైనా చెడ్డపని చేస్తే వాణ్ణి పట్టుకోవాలి పెద్దమ్మా. నన్ను కోస్తే వాడు ఆగుతాడా?”

ఆవిడ తర్వాత ఏమనాలో తెలియనట్టు తెల్లకోటు వైపు చూసింది.

ఆయన గొంతు పెంచాడు. “పిల్లల్ని పెంచడం నీ వల్ల అవుతుందా?”

“దుప్పటి మడత కూడా నా వల్ల కాదన్నారు. ఇప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళకి నేనే నేర్పుతున్నా.”

“అంటే, పిల్లలు కావాలా నీకు?”

“తెలీదు. ఇంకా ఆలోచించుకోలేదు.”

“తెలీనప్పుడు సరే అనేస్తే పోలా?”

“కోసేశాక ఇంకేం ఆలోచించుకోను?”

ఆయన ఒక్క క్షణం తల వంచుకున్నాడు. తర్వాత సిరా డబ్బా ముందుకు జరిపి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “ఇక్కడ వేలు పెట్టు, అంతే. మంచి పిల్లవు కదూ. పేరే సరేపాప!”

మణికట్టు మీద ఆ పట్టు పడగానే ఆమెకు చిన్నప్పటి చేతులన్నీ గుర్తొచ్చాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సరే అన్న మాట గొంతుదాకా వచ్చింది. అంటే చాలు, వదిలేస్తారు.

“ఒక్కటి చెప్పండి,” అంది. “ఆపరేషను చేస్తే, తర్వాత ఎప్పుడైనా పిల్లలు పుడతారా?”

“పుట్టరు.”

“మళ్ళీ కుట్టేస్తే?”

“అయినా పుట్టరు.”

ఆమె చెయ్యి లాగేసుకుంది.

“అయితే వద్దు.”

“ఏమన్నావు?”

“వద్దు. కడుపు నాది. పెదనాన్నది కాదు. నన్నడిగారు, చెప్పాను. వద్దు!”

చిన్నతనం దాటాక ఒక తెల్లకోటుతో ఆమె వద్దనడం ఇదే మొదటిసారి. అన్నాక భయం వేస్తుందనుకుంది, వేయలేదు. పైగా నవ్వొచ్చింది. నోటికి ఆ మాట రుచిగా ఉండి ఇంకోసారి అంది, గోడ అద్దంలో తన ముఖం చూసుకుంటూ మరోసారి అంది. కుర్చీలో నిటారుగా కూర్చుంది.

పక్కనున్నావిడ ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. తెల్లకోటాయన సిరా డబ్బా మూత పెట్టాడు. సొరుగులోంచి బిస్కెట్ ప్యాకెట్టు తీసి ఆమె ముందు పెట్టాడు.

“ఇదీ వద్దా?”

కాసేపు ఆలోచించింది. “ఇది సరే,” అంది.

“రేపు అసలు డాక్టరుకి కూడా ఇలాగే చెప్పు తల్లీ,” అన్నాడు నాన్న, తెల్ల సెలూన్ కోటు విప్పి, ఇంతసేపూ పెద్దమ్మగా నటించిన అమ్మకిస్తూ.