అడగకుండా ఇచ్చే పొట్లం

మూలికల కొట్టు నడిపే అత్తకు ఒకటే గర్వం. తన దగ్గర ఏ ఆడదీ రోగం పేరు చెప్పుకోనక్కర్లేదు.

గొంతు తగ్గించి "ఆ పొట్లం" అంటే చాలు. పొత్తికడుపు నొప్పికీ, తెల్లబట్టకూ, మంటకూ తన అమ్మమ్మ నాటి బెరడు కషాయం పొడి చేతిలో పెట్టేది. గుచ్చిగుచ్చి అడగడం మర్యాద కాదని ఆమె నమ్మకం.

అలాంటి కొట్టు మెట్ల దగ్గర పానకంలో పుడకలా ఒకావిడ తయారైంది. ఎవరో తెలియదు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు.

పొట్లంతో మెట్లు దిగిన ప్రతి ఆడమనిషినీ మెల్లగా అడిగేది.

"జ్వరం కూడా ఉందా తల్లీ?"

ఉందంటే ఇక వదిలేది కాదు. వీధి చివర ఆసుపత్రిదాకా వెంట నడిచేది.

పోటీ కొట్టువాళ్లు పంపిన మనిషే అనుకుంది అత్త. మెట్ల మీద నీళ్లు కుమ్మరించింది. గొడుగావిడ ఆ తడిలోనే నిలబడింది. అత్త నానా మాటలూ అంది. అయినా ఆవిడ కదల్లేదు. ఉడుంపట్టంటే అదే.

చివరికి బజారు పెద్దలతో చెప్పించి వెళ్లగొట్టించాక గానీ అత్తకు కడుపుమంట చల్లారలేదు.

ఆ మర్నాడే, కోడలికి కొట్టు అప్పగించి సరుకు తేవడానికి వెళ్లి వచ్చేసరికి కొట్టు మూసి ఉంది. కోడలు ఆసుపత్రిలో ఉందన్నారు. అత్త పడుతూ లేస్తూ పరుగెత్తింది.

గర్భసంచి పక్కన చీము పట్టిందట. వేళకు తెచ్చారు కాబట్టి బతికిందని నర్సు చెప్పింది.

"నాకు చెప్పొద్దా అమ్మా?" అంది అత్త, కళ్లనీళ్లతో.

కోడలు నీరసంగా చూసింది. "సిగ్గేసి దాచుకున్నా అత్తయ్యా, డబ్బాలో పొడే తాగుతూ కూర్చున్నా. దారిలో కనబడి గొడుగావిడ అడిగింది. తనే తీసుకొచ్చింది."

అత్త కొంగుతో ముఖం తుడుచుకుంది. మనసు గట్టిపరచుకుంది.

"ఆవిడ ఎక్కడున్నా చూపించు నర్సమ్మా. నా పక్కనే కూర్చోబెట్టుకుంటా. ఇకనుంచి ఇద్దరం అడిగాకే పొట్లం ఇస్తాం."

"పొద్దున మీ కోడల్ని అప్పగించి, అటునుంచి అటే ఊరు విడిచి వెళ్లిపోయిందమ్మా. ఎక్కడికో చెప్పలేదు."

"నా కొట్టు ముందే ఎందుకు నిలబడింది? నామీద ఏం పగ?"

నర్సు అత్తను బల్ల మీద కూర్చోబెట్టింది.

"పగ కాదమ్మా, నిరుడు ఆవిడ ఒక్కగానొక్క కూతురు మీ పొడే తాగుతూ జ్వరం దాచుకుంది, ఇక్కడికి తెచ్చేసరికి ప్రాణం పోయింది."