శాంపిళ్ల పెట్టె

సామ్యేలు ఆ జానెడు తూము తలుపుకి టీ డికాషన్ పట్టించి, గుడ్డతో తుడిచి ఎండలో పెట్టాడు. గంటలో దానికి నలభై ఏళ్లు వచ్చేస్తాయన్నాడు.

నిడదవోలులో అతని వడ్రంగి కొట్టుకి రామతులసి రావడం ఇది తొమ్మిదోసారి. ఇంట్లో మాత్రం రాజమండ్రిలో పాతసామాన్ల కొట్టుకని చెబుతుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, లేని ఆ కొట్టుకి తాతాజీ అని ఒక యజమానిని కూడా పుట్టించింది.

ఆమె భర్త వీరాస్వామి వ్యవసాయ పనిముట్ల కంపెనీలో సేల్స్‌మాన్. నాగళ్లు, తూము తలుపులు ఊరూరా మోయలేరు కనక, కంపెనీ వాటికి బుల్లి శాంపిళ్లు చేయించి పెట్టెలో అమర్చి ఇచ్చింది. ముప్పై ఏళ్లు ఆ పెట్టెతో డెల్టా అంతా తిరిగాడు. ఎనభై ఆరు వరదలో శాంపిళ్లన్నీ కొట్టుకుపోయి, ఖాళీ గళ్లతో పెట్టె మిగిలింది. అంతే, మనిషి మూగనోము పట్టాడు.

పదేళ్ల తర్వాత సామ్యేలు చేత చేయించిన నాగలిని, పాతసామాన్ల కొట్టులో దొరికిందని ఆయన చేతిలో పెట్టింది. ఆ పూట అన్నం దగ్గర గంటసేపు కబుర్లు చెప్పాడు. రామతులసి వంటింట్లోకి వెళ్లి సంతోషంతో ఏడ్చింది. ఆ నాగలి గడిలో కాస్త వదులైంది గానీ, తర్వాతవన్నీ వాటి వాటి గళ్లలో సరిగ్గా కూర్చున్నాయి. సామ్యేలు చేతి చలవ అనుకుంది.

నిన్న మాత్రం ఆయన నవ్వుతూ, "అన్నీ ఆ తాతాజీ దగ్గరే దొరుకుతున్నాయేంటి తులసీ?" అన్నాడు. ఈసారి కొట్టుకి తనూ వస్తానన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె అడగని వాటికి కూడా జవాబులు చెప్పింది. రాత్రంతా నిద్ర లేదు. నిజం తెలిస్తే ఆయన మళ్లీ నోరు విప్పడని భయం.

"ఇదే ఆఖరిది సామ్యేలూ. ఆయనకి అనుమానం వచ్చింది."

సామ్యేలు నొచ్చుకున్నాడు. "ఇంకా మూడే కదండీ మిగిలినవి. కలుపు యంత్రానికి చెక్క కూడా కోసేశానండి."

"కలుపు యంత్రం సంగతి నీకు నేను చెప్పలేదే."

అతను ఉలి కింద పెట్టి, తల గోక్కున్నాడు.

"కొలతలు తెచ్చిచ్చేది అయ్యగారేనండి."